పక్క షీటు ఇల్లు

సోమవారం పొద్దున మ్యాపులు గీసే ట్రేసరమ్మ ఆఫీసు తాళం తీయడానికి వచ్చేసరికి కుర్చీలల్లే ఆయన అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇలా రావడం మూడోసారి. ఆమె చూసీ చూడనట్టు లోపలికి వెళ్లి ఫ్యాను వేసింది, కంప్యూటరు మీట నొక్కింది, అది మేలుకునేలోగా బల్ల తుడుచుకుంది. బల్ల అయ్యాక కిటికీలు రెండూ తుడిచింది. ఆ కంప్యూటరు పుణ్యమా అని ఆఫీసు మొత్తంలో ఆ గది ఒక్కటే అద్దంలా ఉంటుంది.

"మళ్లీ ఒక్కసారి చూడండమ్మా" అన్నాడాయన గుమ్మంలో నిలబడి.

అరవై దాటి ఉంటాయి. పేము చీల్చి చీల్చి వేళ్ల కొసలు పగిలిపోయి ఉన్నాయి. రోడ్డు వెడల్పు పనిలో ఆయనుండే సందు మొత్తం పోతోంది. మ్యాపులో ఇల్లున్న వాళ్లకి ఊరి చివర కట్టిన కొత్త ఇళ్లలో ఒకటి ఇస్తారు, సామాన్లు సర్దుకోవడానికి నెల రోజులు గడువు కూడా ఇస్తారు. మ్యాపులో లేని ఇల్లయితే దొంగతనంగా వేసుకున్నదని లెక్క. అలాంటి వాటిని కూల్చడానికి గురువారమే మెషీను వస్తుంది.

"ఎన్నిసార్లు చూసినా అంతేనయ్యా. మ్యాపులో లేదు. నేనేమన్నా మీ ఇల్లు కొంగున కట్టుకుని పోయానా?"

"అది కాదు తల్లీ. నాకు ఇటువైపు ఇల్లుంది, దాన్ని మీరు గీశారు. అటువైపు ఇల్లుంది, అదీ గీశారు. మధ్యలో ఉన్న నాది ఏమైనట్టు?"

ఆమె తెర మీద ఆ సందు తెరిచి చూపించింది. నల్ల గీతలతో పెట్టెల్లాంటి ఇళ్లు వరసగా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం ఒక ఇల్లు పట్టేంత తెలుపు. "ఇదిగో, ఖాళీ జాగా" అంది.

"ఖాళీ జాగాలోనా మేం ముప్పై ఏళ్లుగా ఉంటున్నాం?"

జవాబు లేనప్పుడు ఆమెకి కోపం వస్తుంది. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి, కాగితం మీద ఇంకు పెన్నుతో గీసిన రోజుల నుంచీ ఒక్క గీత కూడా తప్పు పోలేదని పేరు. అలాంటి తన పనిని ఎవరో వచ్చి వేలెత్తి చూపిస్తుంటే ఒళ్లు మండదా?

"మా ఆవిడకి చూపు పోయి తొమ్మిదేళ్లయింది" అన్నాడాయన నెమ్మదిగా. "ఆ ఇంట్లో అయితే గోడ పట్టుకోకుండా తిరుగుతుంది. కొత్త ఇల్లిచ్చినా నాలుగు రోజుల్లో నేర్చుకుంటుంది. రోడ్డు మీద ఏం నేర్చుకుంటుందమ్మా?"

"అది పెద్దసారుతో చెప్పుకోండి" అని ఆమె మౌసు చేతిలోకి తీసుకుంది. పెద్దసారు వారం నుంచీ రోడ్డు మీదే ఉంటున్నాడని ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

పదకొండింటికి కంప్యూటర్ల డాక్టరు వచ్చాడు. డాక్టరంటే నిజం డాక్టరు కాదు. ఏ కంప్యూటరు దగ్గరికి వెళ్లినా ముందు డబ్బాకి చెవి ఆనించి వింటాడని అందరూ పెట్టిన పేరు. యాభై ఏళ్ల మనిషి, బొజ్జ, జేబులో రెండు స్క్రూడ్రైవర్లు. ట్రేసరమ్మని చెల్లెమ్మా అంటాడు.

"ఏమంటోంది?"

"ఏమంటుంది అన్నయ్యా, మెమరీ చాలదంటోంది. శుక్రవారానికి వార్డు మొత్తం ఒకే షీటుగా కావాలట పెద్దసారుకి. ఫోటో మొత్తం తెరవబోతే సగంలో చచ్చిపోతోంది. నాలుగు జీబీ పెట్టానన్నావు, అదంతా ఎక్కడికి పోయినట్టు?"

విమానంలోంచి తీసిన వార్డు ఫోటో అది. దాన్ని తెర మీద పరిచి, కనిపించే ప్రతి కప్పు చుట్టూ గీత గీయడమే ఆమె పని. ఫోటో ఎంత పెద్దదంటే ఒక్కో కప్పు మీద ఆరేసిన దుప్పటి కూడా తెలుస్తుంది.

డాక్టరు డబ్బాకి చెవి ఆనించి, తృప్తిగా లేచాడు. "పెట్టింది నాలుగే. ఈ పాత సిస్టంకి నాలుగు దాటి లెక్కించడం రాదు. అందులో కూడా సగం తనకని అట్టే పెట్టుకుంటుంది. నాలుగు గదుల ఇల్లున్న ఓనరు రెండింటికి తాళం వేసుకుని రెండే అద్దెకిచ్చినట్టు. నీ మ్యాపు ప్రోగ్రాము ఆ రెండు గదుల్లోనే కాపురం చెయ్యాలి."

"పోయినసారి డిస్కులో జాగా పెంచావుగా?"

"అది అటక లాంటిది. వాడని సామాను పెట్టుకోడానికి పనికొస్తుంది గానీ, అటక పెంచితే గదులు పెరగవు కదా."

"మరి ఓనరు కాళ్లు పట్టుకోలేమా?"

"పట్టుకోవచ్చు." ఆయన నవ్వాడు. "సిస్టం లేవగానే చదువుకునే ఫైలొకటుంది. అందులో ఒక్క ముక్క రాస్తే, ఓనరు తన సామానంతా ఒక గదిలోకి సర్దుకుని మూడో గది నీకిస్తాడు. నీ ప్రోగ్రాముకి కూడా మూడో గదిలోకి రావచ్చని ఒక గుర్తు పెట్టాలి, లేకపోతే గుమ్మంలోనే నిలబడిపోతుంది. అయితే ఓనరు ఇరుకున పడతాడు. ఏదో ఒకటి మొరాయిస్తుంది. మ్యాపు పెద్ద కాగితం మీద దించే ఆ ప్లాటరే మొరాయిస్తుందేమో. కొత్త సిస్టం కొంటే ఈ తిప్పలేవీ ఉండవని మూడుసార్లు రాసిచ్చాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది."

"ఎప్పుడు చేస్తావు?"

"ఉన్న ఫైళ్లన్నీ దాచి గానీ చెయ్యి పెట్టను. బుధవారం వస్తా. ఇంతకీ ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చావమ్మా?"

"నాలుగు ముక్కలు చేశా. అప్పటికీ ఎక్కకపోతే అంచులు కూడా కత్తిరించి పారేశా" అంది ట్రేసరమ్మ, కాస్త గర్వంగానే.

"గట్టిదానివే" అని డాక్టరు వెళ్లిపోయాడు. ఆయనకి కంప్యూటర్లు తెలుసు గానీ మ్యాపుల సంగతి తెలియదు. తెలిసుంటే అక్కడే తల పట్టుకునేవాడు.

*

మంగళవారం కుర్చీలల్లే ఆయన భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. జాలి పుట్టించి పని చేయించుకుందామని తీసుకొచ్చాడని ట్రేసరమ్మకి చిర్రెత్తింది. ఆయన భార్య మాత్రం ఏడవలేదు, దణ్ణాలు పెట్టలేదు. బల్ల అంచు తడిమి చూసుకుని, దాన్ని పట్టుకుని నిలబడింది. సన్నగా, శుభ్రంగా ఉంది. జాకెట్టు గుండీ ఒక్కటి మాత్రం వేరే రంగు.

"మీ మ్యాపులో ఇల్లంటే ఎంత ఉంటుందమ్మా?" అని అడిగింది.

ట్రేసరమ్మ అనుకోకుండా నిజం చెప్పింది. "కాగితం మీదయితే గోరంత."

ఆవిడ బొటనవేలితో చూపుడువేలి గోరు రుద్ది చూసుకుంది. "ఇందులోనే మేమిద్దరం, ఈయనగారి పేము కట్టలు, అన్నీ పట్టాలన్నమాట. నడవడానికి నాకు చోటు మిగులుతుందా?" అని నవ్వింది. మొగుడు కూడా నవ్వబోయి మానేశాడు.

"మా గుమ్మం సందువైపు ఉండదమ్మా, పక్కకి ఉంటుంది. అందుకే ఎవరికీ ఆనదేమో. పెద్దాఫీసు వాళ్లు, మీకు తెలీదని కాదు. ఇంకోసారి చూస్తే తప్పేముంది?" అంది ఆవిడే మళ్లీ.

చూడొచ్చు. ఆ సందు ఉన్న ఫోటో ముక్కలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి తెరిస్తే సరిపోయేది. ఒక్కో ముక్క తెరుచుకోవడానికి ఇరవై నిమిషాలు. చేతిలో శుక్రవారం పని కొండలా ఉంది. ఇవన్నీ అటుంచితే, చూడటమంటే తన గీత మీద తనకే అనుమానం వచ్చినట్టు.

"లేని ఇంటిని నేనెక్కణ్ణుంచి గీయను?" అంది.

గొంతు తను అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. పక్క గదిలో టైపు చప్పుడు ఆగింది. ఆవిడ ముఖం మీద నవ్వు అలాగే కాసేపు ఉండి, ఎక్కడికి పోవాలో తెలియనట్టు మెల్లగా పోయింది. "పద" అని మొగుడి మోచెయ్యి పట్టుకుంది. వెళ్లేటప్పుడు గుమ్మం ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే దాటింది. వచ్చేటప్పుడు అడుగులు లెక్కపెట్టుకుందని ట్రేసరమ్మకి అప్పుడు తట్టింది.

*

బుధవారం డాక్టరు మాట మీద నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ ఫైళ్లు దాచి, మధ్యాహ్నం ఆ ఫైలులో ఆ ఒక్క ముక్క రాసి, ప్రోగ్రాముకి గుర్తు పెట్టి, సిస్టం ఆపి మళ్లీ లేపాడు. తెర మీద రంగులు కాస్త మొరటుగా వచ్చాయి. ప్లాటరు అసలు కనిపించడమే మానేసింది.

"చెప్పాగా, ఓనరు ఇరుకున పడ్డాడు. రేపు దాని సంగతి చూస్తా. నువ్వు ముందు ఫోటో తెరువు."

తెరిచింది. పలక పలకగా, పైనుంచి కిందికి, వార్డంతా పరుచుకోవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ చచ్చిపోయే చోటు దాటింది. ఇంకా దాటింది. మూడున్నరకి మొత్తం వచ్చేసింది. ఎనిమిది నెలలుగా ముక్కల్లో చూసిన వార్డుని ట్రేసరమ్మ మొదటిసారి ఒక్కటిగా చూసింది. సంతోషం పట్టలేక "అన్నయ్యా, నీ చేతికి బంగారు కడియం చేయించాలి" అంది. తను గీసిన నల్ల గీతల పొరని దాని మీద పరిచింది. కప్పుల మీద గీతలు తొడుగుల్లా సరిపోయాయి. డాక్టరు కూడా వంగి చూస్తున్నాడు.

"ఇదేమిటి, దీనికి గీత పెట్టలేదు?" అన్నాడాయన వేలితో చూపించి.

సందు మధ్యలో ఒక రేకుల కప్పు. మూల కొంచెం వంగి ఉంది. పక్కన గోడకి ఆనించి బారుగా ఏవో కట్టలు. పేము. గుమ్మం పక్కవైపు.

ఆమె మౌసు వదిలేసింది.

ఎలా జరిగిందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ట్రేసర్లందరికీ ఒక పద్ధతి ఉంది. షీటు అంచున తెగిపోయిన ఇల్లు కనిపిస్తే దాన్ని గీయరు, పక్క షీటుకి వదిలేస్తారు. అక్కడ అది నిండుగా ఉంటుంది గనక అక్కడ గీస్తారు. కాగితాల రోజుల్లో ఒక షీటు పక్కదాని మీదికి జానెడు వచ్చేది, అందుకని ఏ ఇల్లూ పోయేది కాదు. ఆ జానెడే ఆమె మెమరీ చాలడం లేదని కత్తిరించి పారేసింది. ఎడమ ముక్కలో సగం ఇల్లు చూసి పక్క షీటుకి వదిలింది. నెల తర్వాత కుడి ముక్కలో మిగతా సగం చూసి, దాన్ని ఎడమ షీటులో గీసే ఉంటానని వదిలింది. రెండుసార్లూ పద్ధతి ప్రకారమే చేసింది. రెండుసార్లూ ఆ ఇంటి మీంచి ఆమె చెయ్యే దాటిపోయింది.

"చెల్లెమ్మా, ఏమైంది?"

"లేని ఇంటిని ఎక్కణ్ణుంచి గీయనని అడిగాను అన్నయ్యా" అంది. డాక్టరుకి అర్థం కాలేదు. మొత్తం విన్నాక ఫోను తీసి ఆమె చేతికిచ్చాడు.

పెద్దసారుకి ఫోను చేసింది. అవతల లారీల హోరు. "ఫోన్లో ఇల్లు కలపమంటే ఎలా కలుపుతానమ్మా? కాగితం మీద పెట్టి రేపు పొద్దున నా బల్ల మీద ఉంచండి, చూస్తాను" అని పెట్టేశాడు.

కాగితం మీద పెట్టాలంటే ప్లాటరు కావాలి. ఫైలులో రాసిన ఆ ముక్క తీసేస్తే ప్లాటరు రావాలి, ఫోటో పోతుంది. ఉంచితే ఫోటో ఉంటుంది, ప్లాటరు లేదు. డాక్టరు అటూ ఇటూ పెట్టి నాలుగుసార్లు సిస్టం లేపాడు. ముక్క తీసేసినా ప్లాటరు తిరిగి రాలేదు. అయిదింటికి ముక్క మళ్లీ పెట్టి, ఫోటో తెరిచిచ్చి చేతులెత్తేశాడు.

అప్పుడు ట్రేసరమ్మ బీరువా అడుగు అర తెరిచింది. ట్రేసింగు కాగితం చుట్ట పసుపు రంగుకి తిరిగి ఉంది. ఇంకు పెన్ను మొన వేడినీళ్లలో నానబెట్టి, గుడ్డతో తుడిచి, గోటి మీద గీసి చూసింది. సందుని తెర నిండా పెద్దది చేసి, కాగితాన్ని మానిటరు మీద పరిచి నాలుగు మూలలా అంటించింది. తెర వెలుగు కాగితంలోంచి వచ్చింది. నిలబడి, ఊపిరి బిగబట్టి గీసింది. ముందు ఇటు ఇల్లు, అటు ఇల్లు. తర్వాత మధ్యలోది. వంగిన మూలతో సహా, పక్క గుమ్మంతో సహా. చెయ్యి ఒకప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. కళ్లు మాత్రం నిండిపోతుంటే మాటిమాటికీ ఆగాల్సి వచ్చింది. నీటిబొట్టు పడితే ఇంకు పాకుతుంది.

ఇంటికెళ్లాక భర్తకి చెప్పింది. ఆయన బస్సు డిపోలో గుమాస్తా, ఆఫీసు మర్యాదలు ఔపోసన పట్టిన మనిషి. "ఇప్పుడే వెళ్లి వాళ్లకి చెబుతాను" అంటే, "ఏమని చెబుతావు? సంతకం లేకుండా నీ మాటకి మెషీను ఆగుతుందా? లేనిపోని ఆశ పెట్టినదానివవుతావు. రేపు సారు సంతకం పెట్టించి తీసుకెళ్లు" అన్నాడు. మాట సబబుగానే ఉంది. ఆ సబబు మాట విన్నందుకు ఆమె తర్వాత తనని తాను క్షమించుకోలేదు.

*

గురువారం ఎనిమిదిన్నరకే పెద్దసారు గది బయట కూర్చుంది. ఒళ్లో ట్రేసింగు చుట్ట. తొమ్మిదయింది, పదయింది. సారు రోడ్డు మీది నుంచి నేరుగా వస్తున్నాడన్నారు. కదిలితే తప్పిపోతాడని మంచినీళ్లకి కూడా లేవలేదు. పదకొండుంబావుకి వచ్చాడు, చెప్పుల నిండా ఎర్రమట్టి.

ఆయన చుట్ట విప్పి చాలాసేపు చూశాడు. చెడ్డవాడేం కాదు. "చేత్తో గీశారా? ఇలాంటి గీత చూసి ఎన్నాళ్లయిందమ్మా" అన్నాడు. తర్వాత కళ్లజోడు తీసేశాడు.

"ఆ ఇల్లు పొద్దున ఏడింటికే తీసేశారు. నేను అక్కడే ఉన్నాను."

ఆమె ముడుచుకుపోతున్న కాగితం అంచుని అరచేత్తో అదిమి పెట్టింది.

"ఇప్పుడు దీన్ని మ్యాపులో పెడితే నేల మీద లేని ఇంటిని చూపించినట్టవుతుంది. మ్యాపు తప్పవుతుంది."

"ఫోటో తీసిన రోజున ఉంది సార్. ఆ తారీఖే కదా మనకి లెక్క?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "లెక్కే. పైకి పంపించొచ్చు. కానీ తప్పెవరిదో రాయాలి. మీరు రాసిస్తారా? మీకిది మంచిది కాదు, ముందే చెబుతున్నాను."

ఆమె అక్కడే నిలబడి రాసింది. నాలుగే వాక్యాలు. కింద సంతకం పెట్టింది. ఎప్పుడూ మ్యాపు మూలన చీమంత పెట్టే సంతకం ఈసారి పూర్తి పేరుతో పెట్టింది.

"ఇంటివాళ్లది కూడా కావాలి, ఇద్దరిదీ. సంతకం గానీ వేలిముద్ర గానీ. ఇల్లు ఇస్తారో లేదో, ఎప్పటికిస్తారో నేను చెప్పలేను. ఇస్తామని మాత్రం వాళ్లతో అనకండి" అన్నాడు పెద్దసారు.

ఆమె వెళ్లేసరికి సందులో నలభై ఇళ్లూ అలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అక్కడ రేకులు ఒక పక్కకి, ఇటుక పెళ్లలు ఒక పక్కకి తోసి ఉన్నాయి. మధ్యలో ఒక ఇల్లు పట్టేంత చోటు. తెర మీద ఆమె చూపించిన ఖాళీ జాగా అచ్చంగా అలాగే తయారయింది. ఆ అంచు దాటి వెళ్లి పక్కింటి తలుపు తట్టింది.

పక్కింటావిడ ఆమెని అధికారి అనుకుని ముందు తలుపు వెయ్యబోయింది. తర్వాత తనే చెప్పింది. "ఆరు కాకముందే ఆయన ఆవిడని తీసుకెళ్లిపోయాడమ్మా. మెషీను చప్పుడు ఆవిడ చెవిన పడకూడదని. కొలతలు తీసుకోవాలట, రెండ్రోజులు ఇల్లు ఖాళీగా ఉంచమన్నారని చెప్పాడు. పాపం, ఆవిడ నిజమే అనుకుంది. ఎసరు గిన్నె బోర్లించి, తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్లింది."

"ఎక్కడికి?"

"పాత బస్సు స్టాపుకి. అక్కడ షెడ్డుంది కదా."

నడిచింది. పది నిమిషాల దారి. సంచిలో ట్రేసింగు చుట్ట, తను రాసిన కాగితం, పెన్ను, వేలిముద్రల సిరా డబ్బీ. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. తప్పు నాదని ముందు చెప్పాలి. ఆశ పెట్టకూడదు. ఆవిడ ముందు మెషీను మాట ఎత్తకూడదు. ఈ మూడూ ఒకేసారి ఎలా కుదురుతాయో మాత్రం తెలియలేదు.

షెడ్డులో బల్ల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆయన ఎవరిదో కుర్చీ అడుగు అల్లుతున్నాడు. ఆమె పేము తడిపి ఒక్కోటి అందిస్తోంది. ట్రేసరమ్మని చూడగానే ఆయన చేతులు ఆగిపోయాయి. భార్య వైపు కళ్లతో చూపించి, వద్దన్నట్టు చాలా చిన్నగా తల ఊపాడు.

"ఎవరు?" అందామె.

"మ్యాపుల ఆఫీసు ఆవిడ" అన్నాడు.

ట్రేసరమ్మ ఆమె ముందు కిందనే కూర్చుంది. కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు లేదు. "తప్పు నాదేనమ్మా. మీ ఇల్లు ఫోటోలో ఉంది, నేనే గీయలేదు. రెండుసార్లు వదిలేశాను. ఇప్పుడు గీశాను. మీ ఇద్దరి వేలిముద్రలు కావాలి." సంచిలోంచి ట్రేసింగు చుట్ట తీసి చాపింది.

కుర్చీలల్లే ఆయన ట్రేసింగు కాగితం తీసుకుని ఒళ్లో పరుచుకున్నాడు. వంగిన మూల చూశాడు. పక్క గుమ్మం చూశాడు. పగిలిన వేలి కొస గీత మీద ఆనించబోయి, మరక పడుతుందని వెనక్కి తీసుకున్నాడు. కోప్పడితే బాగుండునని ట్రేసరమ్మ ఎదురుచూసింది. ఆయన కోప్పడలేదు. కాగితం మీద నుంచి కళ్లెత్తకుండా ఏడ్చాడు, చప్పుడు లేకుండా.

ఆయన భార్య ముఖం మాత్రం విప్పారింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని, ట్రేసరమ్మ భుజం వెతికి పట్టుకుంది. "ఊరుకో తల్లీ, పని చేసేవాళ్లకి పొరపాటు రాదూ? ఇంతదూరం వచ్చి చెప్పావు. మాకు అదే పదివేలు."

చెప్పిన చోట వేలిముద్ర వేసింది. వేలు తుడుచుకుని లేచి నిలబడింది. పేము కట్ట మొత్తం చంకన పెట్టుకుని, మొగుడుండే వైపు చెయ్యి చాపింది.

"లే మరి. మ్యాపులో పెట్టారుగా, ఇంకా ఇక్కడెందుకు? ఇంటికి పోదాం పద."

ఆయన లేవలేదు. ఆమె చెయ్యి చాపుకుని అలాగే నిలబడి ఉంది.